బల్ల మీద పాసయిన బోర్డులు

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో భీమేష్‌కు మోటారు వైండింగు దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టడం అతని పని. అతని భార్య అనిల రోజూ పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డి పోతుంది. అక్కడ ఒక రేకుల షెడ్డులో సర్క్యూట్ బోర్డులు తయారవుతాయి. పొలం దగ్గర మోటారు స్టార్టర్ డబ్బాలో ఆ బోర్డు పెడితే, రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ కొట్టి మోటారు నడిపించుకోవచ్చు, మళ్లీ కొట్టి ఆపుకోవచ్చు. వినడానికి ఎంతో సుఖంగా ఉంది. కానీ చుట్టుపక్కల పొలాల్లో ఆ డబ్బాలు బిగించేది భీమేషే. అనిల చేతి మీదుగా పోయిన బోర్డు పొలంలో మొండికేస్తే, ఆ డబ్బా తిరిగి వచ్చేది ఆమె మొగుడి దుకాణానికే. షెడ్డులో ఒక లొల్లి, ఇంట్లో ఒక లొల్లి. ఆ వానాకాలమంతా ఆమెకు ఈ రెండింటి మధ్యనే గడిచింది.

అనిల పుట్టిల్లు రాజంపేట. ఇంటర్ అయ్యాక హైదరాబాదులో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ ఆమె పని, కదులుతూ వచ్చే బోర్డులను భూతద్దం కింద చూసి, టంకం అతుకు సరిగా పడనిదాన్ని పక్కన పెట్టడం. ఏళ్లపాటు అదే చూసీ చూసీ ఆమె కన్ను ఒక తీరున స్థిరపడిపోయింది. పెళ్లిలో పందిరికి కట్టిన పూలదండ ఒక పక్కకు జారితే ముందు ఆమెకే కనిపిస్తుంది. కనిపించాక ఊరుకోలేదు. "నీ కండ్లకు జర రెస్టియ్యే" అని భీమేష్ అంటుంటాడు. కరోనా వచ్చిన ఏడు ఇద్దరూ హైదరాబాదు వదిలి ఎల్లారెడ్డికి వచ్చేశారు. అతను దుకాణం పెట్టుకున్నాడు. ఆమె ఇంటి పట్టున ఉంది.

అప్పుడు వచ్చాడు భూపాల్. దోమకొండ మనిషి. కామారెడ్డిలో పంపుసెట్లు అమ్మేవాడు. డబ్బాలు ఎక్కడినుంచో తెప్పించి అమ్మడం కన్నా మనమే ఎందుకు చేయకూడదనిపించి షెడ్డు వేశాడు. భాగాలు పేర్చే యంత్రం ఒకటి, అతుకులు కరిగించే ఓవెన్ ఒకటి, రెండూ పాతవే కొని తెచ్చాడు. అనిల సంగతి ఎవరో చెబితే స్వయంగా ఇంటికి వచ్చి అడిగాడు.

"నువ్వు చూసి మంచిగున్నదంటెనే బోర్డు బయటికి పోతది చెల్లె. నీ మాటే ఫైనల్" అన్నాడు.

ఆ మాట మొదటి వారం కూడా దాటలేదు.

మొదటి విడతలో నూటికి నలభై బోర్డులు పోయాయి. కొన్నింటికి అతుకు పట్టలేదు, కొన్నింటికి రెండు అతుకులు ఒకదానికొకటి అంటుకుపోయాయి, ఇంకొన్నింటి మీద ఆవగింజల్లాంటి లోహపు గుండ్లు చిట్లి పడి ఉన్నాయి. ఆ గుండ్లు చూడగానే అనిల లేచి ఫ్రిజ్ దగ్గరికి పోయింది. అతుకు వేసే పేస్ట్ చల్లగా దాచాల్సిందే. భూపాల్ దాన్ని తాగే నీళ్ల సీసాల మధ్య పెట్టాడు. అదీ ఫరవాలేదు. కానీ చల్లటి డబ్బాను అప్పటికప్పుడు తీసి మూత తెరిచేస్తున్నాడు. వానాకాలపు గాలి తగిలి లోపల చెమ్మ చేరుతోంది. ఆ చెమ్మ ఓవెన్‌లో చిటపటలాడుతోంది.

"అన్నా, దీన్ని పొద్దుగాల్నే తీసి మూత పెట్టే బయట ఉంచాలె. సల్లదనం పోయినంకనే తెరువాలె."

"పెరుగా ఏంది బయట పెట్టేటందుకు? ఖరాబ్ గాదా?"

"గట్ల తెరిస్తెనే ఖరాబ్ అయితది. చూసినవు గదా."

"సరే తియ్" అన్నాడు భూపాల్. మర్నాడు మళ్లీ చల్లటి డబ్బానే తెరిచాడు. ఆ మర్నాడు కూడా. చివరికి పొద్దున్నే వచ్చి షెడ్డు ఊడ్చే మంగవ్వకు ఆ పని అప్పజెప్పింది అనిల. మంగవ్వ యాభై దాటిన మనిషి. అంతకుముందు బీడీలు చుట్టేది. చేతి వేళ్లకు ఎక్కడలేని ఒడుపు. ఒకసారి చెబితే రెండోసారి చెప్పనక్కర లేదు. గుండ్లు తగ్గిపోయాయి.

అయితే అసలు యాష్ట అక్కడి నుంచే మొదలయింది.

భూపాల్‌కు కుదురుగా ఉండడం చేతకాదు. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య ఏదో ఒకటి మార్చకపోతే అతనికి నిద్ర పట్టదు. ఓవెన్ వేడి కొంచెం పెంచుతాడు. పేస్ట్ రకం మారుస్తాడు. బోర్డు డిజైన్ చేసేవాడు భూపాల్ అక్క కొడుకు హరీష్. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో ఈ పని చూస్తాడు. మంచి పిల్లవాడు, తెలివైనవాడు. కానీ ప్రతి విడతకూ డిజైన్‌లో తానూ ఏదో ఒకటి సవరించి పంపుతాడు. "చిన్న మార్పే అక్కా" అంటాడు. అందరూ తలా ఒక చిన్న మార్పు చేస్తే ఏమవుతుంది? మూడో విడతలో చెడినవి సగానికి తగ్గాయి. నా వేడి వల్లనే అని భూపాల్ అన్నాడు. నా డిజైన్ వల్లనే అని హరీష్ అన్నాడు. నాలుగో విడతలో మళ్లీ పెరిగాయి. ఇప్పుడు ఎవరి వల్ల అంటే ఇద్దరూ మాట్లాడరు.

"అన్నా, దండం పెడుత. ఒక్కసారి ఒక్కటే మార్చు. అన్ని మారిస్తె ఏది మంచిజేసిందో ఏది ముంచిందో ఎట్ల తెలుస్తది? ముందుగాల అయిదు బోర్డులు చేద్దాం. అవి చూసి, మంచిగుంటెనే మిగిలినయి చేద్దాం."

"అయిదు బోర్డులకు ఓవెన్ వేడి చేసుకుంట కూసుంటె నాట్లయిపోతయ్. రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు."

"ఖరాబ్ బోర్డులు పంపితె చెయ్యరా ఫోన్లు?"

"బల్ల మీద పాసయినయే పంపుతున్న గదా" అన్నాడు భూపాల్. ఆ మాట నిజమే. బల్ల మీద ప్రతి బోర్డుకూ కరెంటిచ్చి, ఫోన్ కొట్టి, దీపం వెలిగితేనే ముద్ర వేస్తున్నారు. దగ్గరుండి చూసేది అనిలే. కాబట్టి ఆమె మళ్లీ భూతద్దం మీదికి వంగింది.

ఒక ఆదివారం పగటి పూట, ఆమె అన్నం తింటుండగా దుకాణంలో పెద్ద గొంతు వినిపించింది. వచ్చినాయన సిద్ధిరాములు. నాగిరెడ్డిపేట రైతు. పోచారం కాలువ నీళ్లు ఆయన మళ్ల దాకా రావు. బోరు మీదనే ఎవుసం. డబ్బాను బల్ల మీద దబ్బున పెట్టి, "ఏందిరా భీమేషూ గిది? ఫోన్ చేస్తె గంట మోగుతది, మోటర్ నడ్వదు. నేను నడుస్తున్నదనుకొని ఇంట్ల కూసున్న. నారు ఎండి పేలాల లెక్క అయింది" అన్నాడు.

భీమేష్ వైండింగు తీగ చేతిలో పట్టుకుని, తల కూడా ఎత్తకుండా, "నన్నెందుకంటవ్ కాకా? చేసేది లోపల అన్నం తింటున్నది. ఆమెనే అడుగు" అన్నాడు.

అనిల ముద్ద కంచంలోనే వదిలేసింది. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చింది. సిద్ధిరాములు ఆమెను చూసి గొంతు తగ్గించాడు. ఆడపిల్లను తిట్టలేక, తిట్టకుండా ఉండలేక, "నువ్వా బిడ్డా చేసేది? జర మంచిగ చెయ్యరాదు?" అన్నాడు. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు.

ఆమె డబ్బా విప్పి బోర్డుకు కరెంటిచ్చింది. దీపం వెలగలేదు. బొటనవేలితో బోర్డు అంచు నొక్కితే వెలిగింది. వేలు తీస్తే ఆరిపోయింది. ఎక్కడో పగులు ఉందన్నమాట. బోర్డు మీద ఆమె వేసిన ముద్ర చెక్కుచెదరకుండా ఉంది.

"నేను చూసిన. ఇది పాసయింది" అంది భీమేష్‌తో.

"ఇంకో మూడు గట్లనే పాసయినయి ఉన్నయ్. అగో, ఆ మూలకు" అన్నాడు అతను. "మీరు గిట్లనే చేస్తుండున్రి. డబ్బాలు వాపస్ వస్తుంటె నాకు గిరాకి."

ఆమె మూలకు పోయి ఆ మూడు డబ్బాలు కూడా విప్పింది.

సోమవారం ఆ బోర్డులన్నీ సంచిలో వేసుకుని షెడ్డుకు పోయింది. అన్నీ ఒకే తీరు. నొక్కితే వెలుగు, వదిలితే చీకటి. భూపాల్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ ఆయన స్క్రూలు బిర్రుగ పెడుతున్నట్టుండు. బోర్డు వంగి పగులుతున్నది" అన్నాడు. ఈ మాట భీమేష్ చెవిన పడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా ఆ సాయంత్రం అడగక తప్పలేదు. "నేను ఇరవై ఏండ్ల సంది స్క్రూలు తిప్పుతున్న. పంపులమ్ముకునేటోడు నాకు నేర్పుతడా?" అని భీమేష్ అరిచాడు. అరిచాక ఒక కొత్త డబ్బా తెచ్చి ఆమె ముందే బిగించి చూపించాడు. స్క్రూ మామూలుగానే పడింది. బోర్డు వంగలేదు.

అప్పుడు అనిలకు ఒకటి రూఢి అయింది. ఎవరి మాటా వినకుండా, ఏదీ మార్చకుండా ఒక్క విడత చేసి చూడాలి. తెల్లారి హరీష్‌కు ఫోన్ చేసి, డిజైన్ ఎట్లా ఉందో అట్లాగే ఉంచమంది. ఓవెన్ వేడి పాత లెక్కకు సరిపెట్టి, దాని స్విచ్చుల పెట్టెకు తాళం వేసి, తాళంచెవి తన బ్యాగులో వేసుకుని సాయంత్రం బస్సెక్కింది. బస్సు నిండా జనం. నిలబడే చోటు కూడా లేదు. లింగంపేట దాటేసరికి భూపాల్ ఫోన్.

"చెల్లె, ఓవెన్ పెట్టెకు తాళమేసినవా?"

"వేసిన."

"చెవి ఏది?"

"నా తాన ఉన్నది."

"అదేంది? ఓవెన్ నాది గదా!"

"నీదే అన్నా. ఓవెన్ నీది, షెడ్డు నీది. వేడి మాత్రం ఈ ఒక్క విడతకు నాది. రేపొద్దుగాల వస్త."

పక్కన నిలబడ్డ ముసలావిడ ఆమెను ఎగాదిగా చూసింది. భూపాల్ కాసేపు ఏదో గొణిగి ఫోన్ పెట్టేశాడు.

ఏదీ మార్చని ఆ విడత బల్ల మీదికి వచ్చింది. కొన్ని పోయినా, ఎక్కువ పాసయ్యాయి. భూపాల్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. పెట్టెల్లో సర్దమన్నాడు. అనిల సర్దనివ్వలేదు. "పాసయినయే గదా పొలంల పోతున్నయ్. అంటే పాసయినంకనే ఏదో అయితున్నది" అంది. పాసయ్యాక ఏం జరుగుతుంది? ఆమె అక్కడే స్టూలు వేసుకుని కూర్చుని చూడసాగింది.

నాలుగు బోర్డులు కలిసి ఒక పెద్ద పలకగా వస్తాయి. మధ్యలో సన్నటి గాడి ఉంటుంది. పరీక్ష పలకగా ఉన్నప్పుడే అయిపోతుంది. తర్వాత మంగవ్వ పలకను బల్ల అంచు మీద గాడికి ఆనించి, రెండు చేతులతో ఒక్క నొక్కు నొక్కుతుంది. టప్ మని పల్లిపట్టి విరిచినట్టు విరుగుతుంది. ఆ చప్పుడంటే మంగవ్వకు ఇష్టం. రోజంతా కూర్చుని చేసే పనిలో చేతికి కాస్త హాయిచ్చే పని అదొక్కటే.

"మంగవ్వా, ఆగు. విరిచినయి మల్ల నాకియ్యి."

విరిచిన బోర్డులకు మళ్లీ కరెంటిచ్చింది. మొదటిది వెలిగింది. రెండోది వెలిగింది. మూడోది వెలగలేదు. పొద్దున అదే బోర్డు వెలగడం ఆమె తన కళ్లతో చూసింది. భూతద్దం కిందికి తెచ్చి, దీపం పక్కకు వంచి చూస్తే, గాడిని ఆనుకుని ఉన్న నువ్వుగింజంత కెపాసిటర్ కాళ్ల దగ్గర వెంట్రుక లాంటి గీత. ఇంకోటి చూసింది. అక్కడే. ఇంకోటి. అక్కడే. పగిలినా కొన్ని అప్పటికి వెలుగుతూనే ఉన్నాయి. పొలంలో మోటారు అదురుకు, ఎండకు, ఆ పగులు విచ్చుకుని ఆగిపోతాయి.

మంగవ్వ ఆమె మొహం చూసి దగ్గరికి వచ్చింది. "ఏమైంది బిడ్డా?"

"విరుస్తుంటె పగులుతున్నది మంగవ్వా."

మంగవ్వ చేతులు చీరకు తుడుచుకుంది. ఏం తుడుచుకుంటున్నదో ఆమెకే తెలియదు. "అంటే... ఇన్ని దినాలు ఖరాబ్ చేసింది నేనా? ఆ రైతుల నార్లు ఎండింది నా చేతులతోనా?"

అనిల చేతిలోని బోర్డు బల్ల మీద పెట్టింది. ఆ విరుపు మంగవ్వకు నేర్పింది తనే. షెడ్డు మొదలుపెట్టిన రోజు, పలకను ఎట్లా విడదీయాలని మంగవ్వ అడిగితే, బల్ల అంచుకు ఆనించి తనే విరిచి చూపించింది. హైదరాబాదు ఫ్యాక్టరీలో ఆ పని వేరే గదిలో యంత్రం చేసేది. ఆమె ఎన్నడూ చూడలేదు. గాడి ఉందంటే విరవడానికే కదా అనుకుంది.

"నువ్వు గాదు. నేనే. గట్ల విరువుమని నేనే చూపిచ్చిన నీకు" అంది.

ఇంకోటి కూడా గుర్తొచ్చి ఆమెకు తన మీద తనకే మంటెత్తింది. మొదట్లో హరీష్ ఒకసారి ఫోన్ చేసి, సవాలక్ష ప్రశ్నలు అడిగాడు. వాటిలో ఒకటి, "బోర్డులు ఎట్ల విడదీస్తున్నరక్కా?" అని. ఆమె అప్పుడు బస్సు రాడ్డు పట్టుకుని వేలాడుతోంది. ఈ పిల్లగాడి సతాయింపు ఏమిటని, "చేత్తోనే. ఏం గాదు. నువ్వు డిజైన్ చూసుకో" అని కట్ చేసింది. ఇన్నాళ్లూ భూపాల్ ఎవరి మాటా వినడని తిట్టుకుంది. తను విన్నదేమిటి?

హరీష్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"నేను అడిగిన గదక్కా" అన్నాడు అతను. గొంతులో ఎగతాళి లేదు.

"అడిగినవ్. నేనే సరిగ్గ వినలే. ఇప్పుడేం చేద్దాం చెప్పు."

"ఆ భాగాన్ని అంచుకు దూరం జరుపుత. కొత్త పలకలు వచ్చేదాంక చేత్తో విరువకున్రి. గాడి వెంట జరుపుకుంట కోసే చిన్న మిషన్ ఉంటది. ఇక్కడ దొరుకుతది. ఆదివారం నేనే తెస్త."

ఇక మిగిలింది భూపాల్. విరిచేసిన బోర్డుల్లో వెలుగుతున్నవాటిని పంపేద్దామన్నాడు. "వెలుగుతున్నయ్ గదా చెల్లె! వెలిగేటియి గూడ ఆపితె ఎట్ల?"

"ఇయ్యాల వెలుగుతయ్. నెల దాటినంక నా మొగని దుకాణంకొస్తయ్. ఆయన నన్ను పిలుస్తడు. సిద్ధిరాములు కాక లెక్క ఇంకొకాయన వచ్చి జర మంచిగ చెయ్యరాదా బిడ్డా అంటడు. నా తోని గాదన్నా. పంపుతె పంపు. రేపటి సంది నా జాగల ఇంకొకర్ని చూసుకో."

భూపాల్ అట్టపెట్టెను కాలితో ఒక పక్కకు నెట్టి బయటికి పోయాడు. పంపలేదు. కానీ ఆ తర్వాత కొన్ని రోజులు ఆమెతో సూటిగా మాట్లాడలేదు. ఆమె ఎదురుగా ఉండగానే, "మంగవ్వా, పేస్ట్ అయిపోవస్తున్నదేమో ఆమెనడుగు" అనేవాడు. "ఉన్నదని చెప్పు మంగవ్వా" అనేది అనిల. మధ్యలో మంగవ్వ, "నా తోని గాదు, మీరే మాట్లాడుకోన్రి" అని చీపురు పట్టుకుని అవతలికి పోయేది.

హరీష్ మిషన్ తెచ్చాడు. రొట్టెల పీట కన్నా కాస్త పెద్దది. పలకను నిలబెట్టి జరిపితే చిన్న చక్రం గాడి వెంట కోసుకుంటూ పోతుంది. చప్పుడు లేదు, విరుపు లేదు. మంగవ్వకు మొదట నచ్చలేదు. "టప్ మనకుంటె పనైనట్టె లేదు" అంది. అయినా రెండు రోజుల్లో చెయ్యి కుదిరింది. కోశాక మళ్లీ పరీక్ష, అప్పుడే ముద్ర, అని అనిల పద్ధతి మార్చింది. ముందు అయిదు బోర్డులు చేసి చూడడం కూడా ఈసారి భూపాల్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నానని అనలేదు. అయిదు చేసి బల్ల మీద పెట్టి బయటికి పోయాడు, అంతే.

వానాకాలం కోతలయ్యేసరికి నూటికి మూడో నాలుగో తప్ప పోవడం లేదు. షెడ్డుకు ఎవరైనా వస్తే భూపాల్ ఆ మిషన్ చూపించి, "మొదటి సంది నేను మొత్తుకుంటనే ఉన్న, చేత్తో విరువద్దని" అనేవాడు. అనిల భూతద్దంలోంచి తల ఎత్తేది కాదు. ఎత్తితే నోరు ఊరుకోదని ఆమె భయం. మంగవ్వ మాత్రం పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

యాసంగి నారుమళ్ల కాలంలో, ఒక ఆదివారం భీమేష్ కొత్త బోర్డు పెట్టిన డబ్బా తీసుకుని నాగిరెడ్డిపేట బయలుదేరితే అనిల కూడా బండెక్కింది. సిద్ధిరాములుకు తన చేత్తో ఇవ్వాలనిపించింది. భీమేష్ డబ్బా బిగించాడు. సిద్ధిరాములు గట్టు మీద నిలబడి ఫోన్ కొట్టాడు. మోటారు గుయ్యిమంది. పైపులోంచి నీళ్లు దూకాయి. ఆయన మళ్లీ కొట్టి ఆపాడు. మళ్లీ నడిపించాడు. పిల్లవాడికి బొమ్మ దొరికినట్టు ఎన్నిసార్లు కొట్టాడో.

"ఇగ ఇంట్ల కూసొనే నడిపిచ్చుకో కాకా. ఈడిదాంక వచ్చే పనే లేదు" అంది అనిల.

"ఎందుకు రాను? ఫోన్ కొట్టినంక వచ్చి చూసిపోత."

"అట్లయితె ఈ డబ్బా ఎందుకు మరి?"

"నీళ్లు కండ్ల చూడకుంటె నాకు బువ్వ దిగదు బిడ్డా. మొన్న నమ్మి కూసుంటెనే గదా నారు ఎండింది" అన్నాడాయన, నొప్పించే ఉద్దేశమేమీ లేకుండా.

ఆమె డబ్బా మూత ఇంకోసారి నొక్కి చూసింది. భీమేష్ నవ్వు ఆపుకోలేక మోటారు వైపు తిరిగాడు. అంతలో ఆమె ఫోన్ మోగింది. భూపాల్. గొంతులో మంచి హుషారు.

"చెల్లె, మోటర్‌ను ఆన్ ఆఫ్ జేసే రిలేలు కొత్త రకంవి దొరికినయ్. మస్తుగున్నయ్. పొద్దుగాల్నుంచి అవే పెట్టి నడుపుతున్నం."

"అయిదు చేసి చూసినరా?"

"మంచి కంపెనీవే చెల్లె."

"ఎన్నింటికి పెట్టినవన్నా?"

"అన్నిటికి."

అనిల ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, తడిసిన గట్టు మీదే కూర్చుండిపోయింది.